చెవమ్మ రెండు గిటార్లు

మే 11

మాట ఇచ్చేశాను. పది మంది ముందు, ఆకుల్లో ఉడికించిన కోరుండాలు తింటూ, నోట్లో మీగడ ఉండగానే ఇచ్చేశాను. చింత లేదు. ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకున్నది ఒక్కసారే. అది పెళ్ళి మాట, తీసుకున్నందుకు ఇప్పటికీ సంతోషమే.

జరిగింది ఇది. ఉక్కు తీగల గిటార్లు చేసే అబుందియో, కోరుండాల బండి పక్క బల్ల మీద కొత్త గిటారు పెట్టుకుని వేడి జావ ఊదుకుంటున్నాడు. నన్ను చూడగానే గొంతెత్తాడు. వాడెప్పుడూ అరుస్తూనే మాట్లాడతాడు, ఎదుటివాళ్ళంతా కొండ అవతల ఉన్నట్టు.

"ఏం చెవమ్మా! ఇంకా ఆ ప్లాస్టిక్ దారాలే కడుతున్నావా? నీ గిటారు వాయిస్తే పక్క గదిలో పిల్లి కూడా కళ్ళు తెరవదు!"

"నీది వాయిస్తే నాలుగు వీధుల కుక్కలు లేస్తాయి. అవి పాట కోసమే లేస్తున్నాయనుకుంటున్నావా?"

బండావిడ గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. అబుందియోకి ఉక్రోషం వచ్చింది. ఉక్కు తీగలో మెరుపు ఉందట. నైలాన్ ఎంత మొత్తుకున్నా ఆ మెరుపు రాదట. ఆ గిటారు అందుకుని తీగలన్నీ ఒకసారి మీటాను. మెరుపా? మొద్దు. తడి గుడ్డ విదిలించినట్టుంది. ఆ మాటే పైకి అన్నాను. అందరూ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. ఉన్నమాట అనేవాళ్ళు ఈ ఊళ్ళో తగ్గిపోయారు, అందుకే అలా చూస్తారు.

గిటారు తిరిగిస్తుంటే బిరడాలుండే దాని తల అంచు మీద చిన్న చిన్న నొక్కులు కనిపించాయి. "ఇదేంటి, ఎలుకలు కొరికాయా?" అన్నాను. "ఎలుకలే! షెడ్డు నిండా అవే!" అని అరచేత్తో కప్పేశాడు. శుభ్రం లేని మనిషి.

అప్పుడే నాకు ఒళ్ళు మండింది. "ఒకే మొద్దు లోంచి రెండు గిటార్లు చేస్తాను. ఒకదానికి నైలాన్, ఒకదానికి ఉక్కు. ఆగస్టు పోటీ రోజున ఊరు వింటుంది. ఉక్కే గొప్పదని ఊరంటే నా కుర్చీ నీది" అన్నాను.

కుర్చీ అనేసరికి గరిటె కూడా ఆగింది. పోటీ నాడు మా నానమ్మ నీలం రెబోసో శాలువాని తాడు మీద వేలాడదీస్తారు. దాని వెనక కూర్చుని, చేసిందెవరో చూడకుండా, ఏ గిటారు గొప్పదో చెవితోనే చెప్పాలి. నానమ్మ తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను. మా పరాచో ఊళ్ళో గిటార్లు చేసేవాళ్ళు వీధికి పది మంది ఉంటారు. చెవమ్మ ఒక్కతే. రెబోసో అంచు కింద గిటారు తెచ్చినవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి గాని నేను చూడను.

మే 14

మొద్దు కోయించాను. రెండిటి పై పలకలూ ఆ దేవదారు లోంచే, పక్కలకీ వెనకకీ మాత్రం వేరే నల్ల గీతల చెక్క. పొరలు దువ్విన జుట్టంత తిన్నగా ఉన్నాయి.

మా అన్న కూతురు యురీత్సి పక్కన చేరి పాఠం చెప్పబోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, నా దగ్గరే ఉలి పట్టడం నేర్చింది, ఇప్పుడు నాకే నేర్పుతుంది. "ఉక్కు తీగలు నైలాన్ కన్నా రెండింతలు లాగుతాయి అత్తా. పై పలక మందంగా ఉంచాలి. లోపల బద్దలు విసనకర్రలా కాదు, అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడేలా వెయ్యాలి."

"నువ్వు పుట్టక ముందే నాకు తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. ఊరికే అన్నా."

ఇంకేదో కూడా అంది, అటు తిరిగి అంది. ఈ కాలం పిల్లలు మొహం చూసి మాట్లాడరు.

నా లెక్క రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత ఎవరూ కాదనకుండా. నైలాన్ తీగ మెత్తగా లాగుతుంది, అందుకని పలక పల్చగా ఉండాలి. మీటితే చెక్కే మాట్లాడుతుంది, తీగ అణిగి ఉంటుంది. ఉక్కు తీగ అలా కాదు, తనే మాట్లాడుతుంది, చెక్కని ఊ కొట్టమంటుంది. గోళ్ళు తినేస్తుంది. వేలి కొసలు కోసేస్తుంది. ఇంత చేసి ఆ మాటలో పస లేదు. ఎంత బలంగా మీటినా నాకు గుండెలో ఏమీ కదలదు. నైలాన్ లావు తీగ ఒక్కటి మీటితే చాలు, పొట్ట దాకా దిగుతుంది.

మే 27

రెండు పలకలకీ చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. నైలాన్ పలక పొద్దున్నే దారికొచ్చింది. వేలి కణుపుతో కొడితే గుమ్మంది. పక్కన పెట్టేశాను.

ఉక్కు పలక మొండికేసింది. కొట్టి చూస్తే కింది గొంతు పలుకుతోంది, పై గొంతు రావడం లేదు. ఆ పైన ఒక సన్నటి మోత వస్తుంది, వస్తేనే పలక తయారైనట్టు. నాన్న నేర్పిన లెక్క అది. రాలేదు కాబట్టి ఇంకో పొర తీశాను. పొట్టు కాళ్ళ మీద కుప్ప పడింది. పెన్సిలు నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా అదే పని.

"పెన్సిలు తీసెయ్ అత్తా, సీసం కడుపులోకి పోతుంది" అంది యురీత్సి. ఈ ఒక్క మాటా ఇరవై ఏళ్ళుగా అంటోంది.

జూన్ 3

వాన మొదలైంది. చెక్క చెమ్మ లాగింది. అందుకే మొద్దుగా ఉంది.

జూన్ 4

ఇంకో పొర తీశాను.

జూన్ 8

ఆదివారం. ఫాదర్ గారు ప్రసంగమంతా గొణిగారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మిగతావాళ్ళంతా శ్రద్ధగా తలలు ఊపారు, మర్యాద కొద్దీ ఊపారేమో. నేనూ ఊపాను. బయటికొచ్చాక పక్కింటి దోన్యా లూసిలాని "ఏమన్నారు ఈ రోజు?" అని అడిగితే ఆవిడా గొణిగింది. ఈ మధ్య ఊరు ఊరంతా నోట్లో ఉండ పెట్టుకుని మాట్లాడుతోంది. పళ్ళు బాగా లేవు ఎవరికీ.

జూన్ 11

యురీత్సి పలక తీసి వెలుతురుకి పట్టి చూసింది. వేళ్ళ నీడ అవతలికి కనిపిస్తోంది.

"అత్తా, ఇది ఉక్కుకేనా?"

"ఉక్కుకే."

"మోగుతోంది కదా ఇది. మోగి చాలా రోజులైంది. ఇంకా ఎందుకు తీస్తున్నావ్?"

"మోగితే నాకు తెలియదా?"

ఆ పిల్ల ఏదో అనబోయి ఆగింది. పలకని చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టింది, నిద్రపోయే పసిబిడ్డని పడుకోబెట్టినట్టు. నాకది నచ్చలేదు. చెప్పదలిస్తే చెప్పాలి, లేకపోతే పని చేసుకోవాలి.

జూన్ 19

రెండు పెట్టెలూ అతికించాను. వాన.

జూలై 2

నైలాన్ గిటారు పూర్తయింది. చెప్పక తప్పదు, ఇంత మంచిది నేను పదేళ్ళుగా చెయ్యలేదు. తీగలు బిగించి ఒళ్ళో పెట్టుకోగానే నా పక్కటెముకలు కూడా పలికాయి. వసారాలో కూర్చుని పాత పిరేకువా పాట ఒకటి వాయించాను. యురీత్సి వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది, చేతులకి మొక్కజొన్న పిండి. కళ్ళు తుడుచుకుంది. పిండి కళ్ళలో పడి ఉంటుంది అన్నాను. కాదంది.

కుర్చీ ఎక్కడికీ పోదు.

జూలై 5

ఉక్కు తీగలు కట్టాను. అబుందియో చూడ్డానికి వచ్చాడు. పిలవలేదు. రెండు చేతులూ వెనక కట్టుకుని గిటారు చుట్టూ ఒకసారి తిరిగాడు, సంతలో దూడని చూసినట్టు.

బిరడాలు తిప్పుతూ ఒక్కో తీగే శ్రుతికి తెచ్చాను. మీటాను. మొద్దు. నా చేతిలో కూడా మొద్దే. "చూశావా! ఇదే నీ మెరుపు!" అన్నాను. అబుందియో నోరు తెరిచి నా వైపు చూశాడు. యురీత్సి నేల వైపు చూసింది.

వాడు పోయాక గిటారుని గోడకి ఆనించి, దాని పక్కనే కూర్చుని లెక్కలు రాసుకుంటున్నాను. యురీత్సి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఉన్నట్టుండి సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, తీగలు వదులు చెయ్! టిక్కు టిక్కుమంటోంది, బంక ఊడిపోతోంది!"

"ఏది టిక్కుమంటోంది?"

ఆ మాట పూర్తి కాలేదు, తీగలు పట్టి ఉంచే బ్రిడ్జి చెక్క తుపాకీ పేలినట్టు లేచి గోడకి తగిలింది. పై పలక మధ్యలో పొట్ట లేచి చీలింది. అది వినిపించింది. అది ఊరందరికీ వినిపించి ఉంటుంది.

జూలై 6

బంక మంచిది కాదు. కొట్టువాడిని రేపు కడిగేస్తాను.

జూలై 7

వాన వల్ల.

జూలై 8

పోట్లాట అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

యురీత్సి విరిగిన పలకని బల్ల మీద పెట్టి, మందం కొలిచే పరికరం దాని మీద నడిపించింది. నైలాన్ గిటారు పలక కన్నా ఇదే పల్చగా ఉంది. రెండింతలు లాగే తీగల కింద, నైలాన్ కన్నా పల్చటి పలక. మొదటి ఏడాది పనివాడు కూడా చెయ్యడు.

"బంక మంచిదే అత్తా. వాన మంచిదే. పలక ఎప్పుడో మే నెలలోనే మోగింది. నువ్వు ఆగలేదు."

"మోగలేదు."

"మోగింది. నీకు వినపడలేదు."

నేను నవ్వాను. చెవమ్మకి వినపడలేదట.

"మొన్న నీ వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి, తాతయ్య ఉలి తీసుకెళ్ళి అబుందియోకి ఇచ్చేస్తున్నా అన్నాను. నువ్వు పొట్టు ఊడుస్తూనే ఉన్నావ్."

"పనిలో ఉంటే పలకను."

"తాతయ్య ఉలి అంటే చచ్చినా పలికేదానివి."

ఆ తర్వాత ఆ పిల్ల చేసిన పని నేను మర్చిపోను. కొత్త పలక ఒకటి తీసి, నాన్న పట్టుకున్నట్టే రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి, "ఇది ఏమంటోంది?" అని అడిగింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న అడిగిన మాట అది. కింది గొంతు వినిపించింది. పైది నేను ఊహించి చెప్పాను. తప్పు చెప్పాను, ఆ పిల్ల మొహం చూస్తే తెలిసింది.

"పో, పోయి అబుందియో దగ్గర చేరు. వాడి తుప్పు తీగలు నీకు బాగా వినపడతాయి" అన్నాను.

ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

జూలై 9

యురీత్సి రాలేదు.

జూలై 10

రాలేదు. జ్వరమేమో.

జూలై 13

పని చాలా బాగా సాగుతోంది. ఒక్కదాన్నే ఉంటే ప్రశాంతంగా ఉంటుంది. ఎవరూ పెన్సిలు తీసెయ్యమనరు.

కొత్త దేవదారు పలక తీసుకున్నాను. ఆ మొద్దులోదే, పక్క పొర. చిత్రిక పట్టుకున్నాను. పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి మూడుసార్లు పెన్సిలు చెక్కాను.

భయంగా ఉంది. కుర్చీ పోతుందని కాదు. కుర్చీ కూడా. అసలు భయం అది కాదు. చెవి పోతే నేను ఎవరిని? హెర్మీనియా అనే నా పేరు ఈ ఊళ్ళో ఎవరికి గుర్తుంది?

జూలై 14

నేనే వెళ్ళాను. అన్న ఇంటికి, చేతిలో ఒక గిన్నె చురీపో తీసుకుని. మా ఇంట్లో ఎర్ర పులుసు మాంసం క్షమాపణ కింద లెక్క. నోటితో ఎవరం చెప్పం.

యురీత్సి గిన్నె మూత తీసి, వాసన చూసి, "ఉప్పు ఎక్కువేశావ్" అంది.

"నాలుక కూడా పోయిందంటావా?"

నవ్వేసింది. తర్వాత నా ఎదురుగా వచ్చి, నా మొహంలోకి చూస్తూ, స్పష్టంగా, "రేపు వస్తాను అత్తా" అంది. ప్రతి అక్షరం వినపడింది. ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు మాట్లాడలేదు ఈ పిల్ల?

జూలై 17

నిదానంగా, ఒక్కొక్కటీ వరసగా రాయాలి.

అబుందియో దగ్గర కొన్న పాత ఉక్కు గిటారు ఒకటి మూల పడి ఉంటే, బ్రిడ్జి కొలతల కోసం తీశాం. బల్ల మీద పడుకోబెట్టాం. నేను వంగి, పెన్సిలు నోట్లో పెట్టుకుని, బ్రిడ్జి కొనని చూస్తున్నాను. పెన్సిలు రెండో కొన పలకకి ఆనింది. సరిగ్గా అప్పుడే యురీత్సి ఊరికే సన్న తీగ మీటింది.

నా తలలో మెరుపు మెరిసింది.

ఇంకెలా రాయాలో తెలియదు. చెవుల్లో కాదు, దవడలో, కళ్ళ వెనక, పుర్రె లోపల. సన్నగా, తళుక్కున, చలికాలం పొద్దున్న మంచు మీద ఎండ పడ్డట్టు. నేను అరిచాను. నా వేలు తెగిందనుకుని యురీత్సి నా చెయ్యి లాక్కుని చూసింది.

"మళ్ళీ! మళ్ళీ మీటు!"

పెన్సిలు పంటితో గట్టిగా పట్టుకుని పలకకి ఆనించాను. మళ్ళీ వచ్చింది. తీసేశాను, మొద్దు. ఆనించాను, మెరుపు. పూర్తిగా కాదు, నాకు తెలుసు. చిన్నప్పుడు విన్నదాంట్లో సగం. కాని సగం.

అయితే మెరుపు ఉంది. ఉక్కులో మెరుపు ఉంది. వాడు చెప్పింది నిజమే. మొద్దు నేను.

గిటారు మీద తల పెట్టి ఏడ్చాను. యురీత్సి నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపయ్యాక, "అత్తా, ఇరవై ఏళ్ళుగా పెన్సిలు తీసెయ్యమని అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా" అంది.

జూలై 18

పెన్సిలు. రోజంతా పెన్సిలే.

జూలై 19

డాక్టరుకి చూపిద్దాం, ఉరుఆపన్ పట్నం తీసుకెళ్తానంది యురీత్సి. పోటీ అయ్యాక అన్నాను. వెళ్తాను, నిజంగానే.

జూలై 21

కొత్త పలక. నేను చిత్రిక పడుతున్నాను, ఆ పిల్ల వింటోంది. రెండు పొరలు తీశానో లేదో "చాలు" అంది.

నాకు చాలనిపించలేదు. ఈ చేతులకి నలభై ఏళ్ళ అలవాటు, ఇంకొక్క పొర అంటున్నాయి. పెన్సిలు ఆనించి కొట్టమన్నాను. మోగింది. సన్నటి మోత, నాన్న చెప్పినది, పైన ఎక్కడో వేలాడుతూ.

"చాలు" అన్నాను నేను కూడా. చిత్రిక బల్ల మీద పెట్టేశాను. ఒకళ్ళు చాలంటే ఆపడం నా జన్మలో ఇదే మొదలు.

జూలై 26

పెట్టె అతికించాం. మెడ కూర్చాం. బద్దలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డాయి, ఆ పిల్ల మే నెలలో చెప్పినట్టే.

ఈ గిటారు పోటీకి తీసుకెళ్ళకుండా ఉంటే? పగిలిపోయింది, టైము చాలలేదు అంటే ఎవరూ తప్పు పట్టరు. కుర్చీ మిగులుతుంది. మంచి ఆలోచన. రాసి చూసుకున్నాక అంత మంచిగా లేదు.

ఆగస్టు 1

తీగలు కట్టాం. పలక పొట్ట లేవలేదు. టిక్కుమనలేదు, యురీత్సి ఒట్టు వేసి చెప్పింది. పెన్సిలు వదిలేసి, గిటారు తల అంచునే పళ్ళతో పట్టుకుని మీటి చూశాను. పెన్సిలు కన్నా బాగా వచ్చింది. మెడ లోంచి నేరుగా దవడలోకి.

పళ్ళు తీశాక చూశాను. అంచు మీద చిన్న చిన్న నొక్కులు.

నొక్కులు.

చాలాసేపు చూశాను వాటిని. తర్వాత నవ్వు మొదలైంది, ఆపడం నా వల్ల కాలేదు. యురీత్సి నీళ్ళు తెచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని మళ్ళీ మళ్ళీ అడిగింది. చెప్పలేదు. ఎలుకలట! షెడ్డు నిండా అవేనట!

అందుకే అబుందియో ఎప్పుడూ అరుస్తూ మాట్లాడతాడు. అందుకే ఉక్కు. మెత్తగా పలికే తీగ వాడికి వినపడదు, పళ్ళ దాకా పొడుచుకొచ్చేదే వినపడుతుంది. ఇన్నేళ్ళుగా నాకు వినపడనిదాన్ని నేను తిట్టాను, వాడికి వినపడనిదాన్ని వాడు తిట్టాడు. ఊరు మధ్యలో కూర్చుని మా ఇద్దరి మాటలూ విన్నది.

ఆగస్టు 8

పోటీ అయిపోయింది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని రాస్తున్నాను.

చౌకు నిండా జనం. వాన ఆగింది, రాళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. తాడు మీద నానమ్మ రెబోసో, దాని వెనక కుర్చీ ఖాళీగా. పోటీ మొదలవక ముందే మా పందెం తేలాలి అన్నారు. పిరేకువాలు పాడే నబోర్ రెండు గిటార్లూ అందుకున్నాడు. ఒకే పాట, ముందు నైలాన్ మీద, తర్వాత ఉక్కు మీద.

నైలాన్ పాడుతుంటే ముసలాళ్ళు కళ్ళు మూసుకున్నారు. బండావిడ ఏడ్చింది. నేను గెలిచాననుకున్నాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, అప్పుడు కూడా నేను గెలవాలనే కోరుకున్నాను.

తర్వాత ఉక్కు గిటారు. నాకు మళ్ళీ మొద్దుగానే వినపడింది, నా పళ్ళు ఇక్కడ, గిటారు అక్కడ. కాని జనం మొహాలు చూశాను. చౌకు చివర నిలబడ్డవాళ్ళు కూడా తలలు ఎత్తారు. పడుచువాళ్ళు కాళ్ళు తాటించారు. చర్చి మెట్ల మీద బెలూన్లు అమ్మేవాడు పాట అయ్యేదాకా ఒక్క బెలూన్ కూడా అమ్మలేదు. ఆ మెరుపు నేను చేసినదే. నాకు వినపడకపోతేనేం, మొహాల మీద కనపడింది. అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

చేతులు ఎత్తమన్నారు. ఉక్కుకే ఎక్కువ.

నా గిటారు చేతిలో నేనే ఓడిపోయాను. జనం గొడవ గొడవగా నవ్వారు. అబుందియో రెండు చేతులూ పైకెత్తి తిరుగుతున్నాడు, పెళ్ళికొడుకులా.

"కుర్చీ నీది. రా, కూర్చో. ఇప్పుడే మొదలుపెడదాం. ముందు నైలాన్ గిటార్లట, మెల్లగా వాయిస్తారట" అన్నాను, వాడికి వినపడేంత గట్టిగా.

వాడి చేతులు దిగాయి. రెబోసో వైపు చూశాడు. మొహం తెల్లబోయింది. "ఇప్పుడా? ఇప్పుడు... నాకు నడుం నొప్పి..."

జనం "కూర్చో, కూర్చో!" అన్నారు. వాణ్ణి చేయి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళాను. చెవి దగ్గర మెల్లగా "ఎలుకలు బాగున్నాయా?" అన్నాను. వినపడలేదు. గట్టిగా అంటే ఊరంతా వింటుంది. అందుకని ఉక్కు గిటారుని ఎత్తి, రెబోసో చాటున, తల అంచు కొరికినట్టు చూపించాను.

వాడికి అర్థమైంది. అరవై ఏళ్ళ మనిషి పసివాడిలా నా వైపు చూశాడు. ఆ క్షణం వాడు నా గుప్పిట్లో ఉన్నాడు. ఎన్ని ఏళ్ళ ప్లాస్టిక్ దారాలకి బదులు తీర్చుకోవచ్చో. ఒక్క మాట చాలు.

రెబోసో పక్కకి తీసి జనం ముందుకి వచ్చాను.

"ఈ కుర్చీలో ఇక నేను కూర్చోను. పందెం ఓడినందుకు కాదు. నాకు పై గొంతులు వినపడటం లేదు. రెండేళ్ళుగానో, ఇంకా ముందు నుంచో. మే నెలలో ఒక మంచి పలకని అందుకే పాడు చేశాను. ఈ ఉక్కు గిటారు నా చేతులు చేశాయి, విన్నది మాత్రం యురీత్సి. చెవమ్మ ఇప్పుడు ఆ పిల్ల."

ఎవరూ నవ్వలేదు. అది నేను అనుకోలేదు. నవ్వుతారనుకున్నాను.

ముందు నోరు తెరిచింది అబుందియోనే. "కుర్చీ ఆ పిల్లకే సరి! నాకు నడుం నొప్పి అని చెప్పానా లేదా!" అని అరిచాడు. అప్పుడు నవ్వారు అందరూ.

యురీత్సి రెబోసో వెనక కూర్చుంది. కూర్చోబోయే ముందు దాన్ని తాడు మీద కిందికి జరిపింది, అంచు నేలకి తగిలేదాకా, ఇక ఎవరి చెప్పులూ కనపడకుండా. నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిది, నా మొహం కాలిపోతోంది.

మొదటి బహుమతి పై వీధి వాళ్ళ నైలాన్ గిటారుకి ఇచ్చింది. నా నైలాన్‌కి కాదు. "నీది చాలా బాగుంది అత్తా, వాళ్ళది ఇంకా బాగుంది" అంది ఇంటికొచ్చేదారిలో. ఎదురుగా వచ్చి నిలబడి, స్పష్టంగా అంది. ఇక ముందు ప్రతి మాటా ఇలా వినపడుతుంది కాబోలు నాకు. ఓపిక పట్టాలి.

ఆగస్టు 9

పొద్దున్నే అబుందియో వచ్చాడు. చేతిలో రొట్టెల సంచి, మొహంలో సిగ్గు. గుమ్మం దగ్గరే అరిచాడు, "ఎవరికైనా చెప్పావా?"

"నువ్వు ఇలాగే అరిస్తే నేను చెప్పక్కర్లేదు."

లోపలికొచ్చి కూర్చున్నాడు. నాకు చూపించాడు, ముందు పళ్ళు నాలుగే మిగిలాయి, వాటితోనే వింటూ బతుకుతున్నాడు. నేను వాడి ముందు నైలాన్ గిటారు పెట్టాను. వాడు మూతి ముడిచాడు. "ప్లాస్టిక్" అన్నాడు.

"కొరుకు."

యురీత్సి బల్ల దగ్గర కూర్చుని మెల్లగా, చాలా మెల్లగా లావు తీగ మీటింది. వాడు ఆ నాలుగు పళ్ళతో తల అంచు పట్టుకుని కదలకుండా ఉన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకోసారి అన్నట్టు వేలు ఊపాడు. తర్వాత ఇంకోసారి. చెంపల మీంచి కారుతున్నది తుడుచుకోలేదు, తుడుచుకోవాలంటే నోరు తియ్యాలి.

"పొట్ట దాకా దిగుతోంది" అన్నాడు చివరికి. అరవకుండా అన్నాడు. అయినా వినపడింది నాకు.

మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం, వాడు నైలాన్ కొరుక్కుంటూ, నేను ఉక్కు కొరుక్కుంటూ. యురీత్సి ఒకసారి దీని మీద, ఒకసారి దాని మీద మీటుతూ, నవ్వాపుకోలేక ఆగుతూ, మళ్ళీ మీటుతూ. ఏది గొప్పదని ఎవరం అనలేదు. అనాలన్నా మా ఇద్దరి నోళ్ళూ ఖాళీ లేవు.

వాడు పోయాడు. యురీత్సి వంటింట్లో ఉంది, ఏదో పాడుకుంటోంది, ఏ పాటో తెలియడం లేదు. ఉక్కు గిటారు నా ఒళ్ళో ఉంది. పెన్సిలు కొన పలకకి ఆనించి ఒంటి చేత్తో మీటుకుంటున్నాను.

ఉక్కు తీగ మెరుస్తుంది. ఈ ఒక్క మాట రాయడానికే పెన్సిలు నోట్లోంచి తీశాను. మళ్ళీ పెట్టుకుంటున్నాను.